మొదటి కుర్చీ

ఏంటమ్మలూ, మొహం అలా పెట్టుకొచ్చావ్? బ్యాంకు వాళ్ళు లేదన్నారా? అనే ఉంటారులే. ఆ జిరాక్సు షాపు నువ్వు కొంటానన్న రోజే అనుకున్నాను, పాత బాకీ ఒకటి మెడకి వేలాడుతుంటే ఎవడిస్తాడని. కూర్చో ముందు. ఇలా తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్నవాడు నీకంటే ముందు ఒకడున్నాడు, నేను పనిచేసిన సెలూన్లోనే. నిదానం అనేవాళ్ళం. అసలు పేరేదో ఉండే ఉంటుంది, పెళ్ళాం పిలవగా కూడా నేను వినలేదు. కుర్చీలో కూర్చున్నవాడు ఓ కునుకు తీసి, లేచి, లోకం సంగతులన్నీ మాట్లాడి, మళ్ళీ కునుకు తీసినా వాడి చేతిలో కటింగు అయ్యేది కాదు. చెవి వెనక ఒక్క వెంట్రుక పొడుగుంటే దానితో పెద్ద పంచాయితీ పెట్టేవాడు. అయినా వాడి దగ్గరే చేయించుకుంటామని బెంచీ మీద కాచుక్కూర్చునేవాళ్ళు. నా కుర్చీ ఖాళీగా ఉన్నా సరే. నాకు ఒళ్ళు మండేదనుకో, అది వేరే సంగతి.

మూడు కుర్చీల షాపు. వీధి తలుపు పక్కన మొదటి కుర్చీ పెద్దాయనది, షాపు ఆయనదే. మధ్యది నిదానానిది, చివర పంపు పక్కన నాది. చలికాలం ఆ నీళ్ళ చెమ్మకి నా కాళ్ళు కొయ్యబారిపోయేవి, ఇప్పటికీ ఈ మోకాలు... సరే, ఏం చెబుతున్నాను? ఆ, పెద్దాయన. ఆయనకి చెయ్యి వణకడం మొదలైంది. ఇంట్లో కూతురు పోరు, ఇంక చాల్లే నాన్నా, అమ్మేసి ఇంటిపట్టున కూర్చో అని. ఎదురుగా గాజులూ పూసలూ అమ్మేవాడు రొక్కం పట్టుకుని తయారుగా ఉన్నాడు. వాడు కొన్నాడంటే కుర్చీలు పాత సామానుకి పోతాయి, మేమిద్దరం వీధిలోకి పోతాం. నేనంటే ఒంటిగాణ్ణి, ఎక్కడైనా కత్తెర ఆడించుకుంటాను. నిదానానికి నలుగురు పిల్లలు. పైగా ఆ నిదానానికి ఇంకెవడు కుర్చీ ఇస్తాడు చెప్పు? దాంతో, నేనే కొంటాను అన్నాడు. నేను నవ్వాను.

ఎందుకు నవ్వానంటావా? వాడి తోడల్లుడు వ్యాను కొంటానంటే వీడు హామీ సంతకం పెట్టాడు. ఆ మహానుభావుడు వ్యానుతో సహా మాయం. అప్పట్నుంచి వీడి పేరు చెబితే చాలు, అప్పిచ్చేవాళ్ళు తలుపులు వేసుకునేవారు. ఇంట్లో ఆవిడ పాపం నోరెత్తడానికి లేదు, పారిపోయింది ఆవిడ అక్క మొగుడే మరి. బ్యాంకు మేనేజరు ఎవరనుకున్నావ్, రోజూ పొద్దున్నే మా నిదానం చేతే గడ్డం గీయించుకునేవాడు. వీడు తెల్లచొక్కా వేసుకుని వెళితే, "చూడు నాయనా, నువ్వంటే నాకు గౌరవమే, కానీ నీ మీద నమ్మకం పెట్టడానికి మా రూల్సు ఒప్పుకోవు" అన్నాట్ట. పొద్దున వాడి కత్తి కింద పీక అప్పజెప్పి హాయిగా కళ్ళు మూసుకున్న మనిషి, మధ్యాహ్నానికి అదే చేతికి డబ్బివ్వాలంటే భయమన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు గడ్డానికి. వీడూ గీశాడు, ఎప్పట్లాగే, నెమ్మదిగా. నేనైతేనా!

ఇక ఏ దారీ లేక పెద్దాయన్నే అడిగాడు. "మీ షాపు మీకే వాయిదాల్లో కడతాను, షాపు సంపాదనలోంచే. ఒక్క వాయిదా తప్పినా షాపు మీది, నేను మారుమాట్లాడను" అని. పెద్దాయన కత్తి తోలు మీద నూరుతూనే విన్నాడు. "ఒరే, నీ తోడల్లుడి సంగతి నాకు తెలుసు, నీ సంగతీ తెలుసు. ఒప్పుకుంటాను. కానీ ఆఖరి వాయిదా ముట్టేదాకా మొదటి కుర్చీ నాది" అన్నాడు. నిదానం ఎగిరి గంతేశాడు. ఇంతేనా అనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను, పెద్దమనిషి, తలుపు పక్కన కూర్చుని పేపరు చదువుకుంటాడు, వచ్చిన పైసలు కంటబడుతుంటాయి, తప్పేముందని.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన తెల్లకోటు తొడుక్కుని, నురగ కలుపుకుని, కుర్చీ వెనక నిలబడ్డాడు. అర్థమైందా? కూర్చోవడానికి కాదు, పని చెయ్యడానికి! వీధిలోంచి వచ్చేవాడికి ముందు తగిలేది ఆయనే. "రండి బాబూ, రండి" అని వణికే చేత్తో కత్తి చూపించి పిలిస్తే ఎవడొస్తాడు? గడప దాకా వచ్చినవాడికి ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఇంకొకడికి చుట్టాలు గుర్తొచ్చేవారు. ఆయన్ని దాటుకుని మా దగ్గరికి రావడానికి మొహమాటం, ఆయన దగ్గర కూర్చోవడానికి ప్రాణభయం. వారం తిరిగేసరికి బెంచీ ఖాళీ. మొదటి వాయిదాకి నిదానం పెళ్ళాం చెవి కమ్మలు పోయాయి. రెండోదానికి అమ్మడానికేమీ లేదు. నీ చెయ్యి వణుకుతోందయ్యా అని ఆయన మొహం మీద చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? మా ఇద్దరికీ కత్తి పట్టుకోవడం నేర్పిందే ఆయన. చెప్పినా, మాట మాటే కదా, కుర్చీ ఆయనది.

అప్పుడు మా వాడు ఏం చేశాడో తెలుసా? ఒకరోజు షట్టరెత్తగానే తిన్నగా వెళ్ళి మొదటి కుర్చీలో తనే కూర్చున్నాడు. "నాకు గీయండి" అన్నాడు. నేను అటు చూడలేకపోయాను తల్లీ. లేచేసరికి గడ్డం మీద మూడు చోట్ల ఎర్రగా, పైన పేపరు ముక్కలు అంటించుకుని, పటిక రుద్దుకుంటూ, "బాగా గీశారు" అన్నాడు. పెద్దాయన కత్తి కడిగి, కోటు విప్పి, అదే కుర్చీలో వెనక్కి వాలి ఓ కునుకు తీశాడు. అంతే! ఆయనకి కావలసింది ఆ ఒక్క గడ్డమే. అది అయిపోతే ఆ రోజుకి పని చేసినట్టే. ఆయన నిద్రలో ఉండగా జనం మెల్లగా, పిల్లుల్లా అడుగులేస్తూ లోపలికొచ్చేవారు. మళ్ళీ బెంచీ నిండింది. అలా ఏళ్ళకేళ్ళు, రోజూ, ఈ మొహం ఆ చేతికి. మేనేజరు ఓసారి, "ఏమోయ్, మంగలివయ్యుండి మొహం అలా కోసుకున్నావేం?" అని నవ్వాడు. "చర్మం మెత్తన సార్" అన్నాడు వీడు. ఒక్క వాయిదా తప్పలేదు. బ్యాంకు కాగితాల్లో వాడి పేరు మాత్రం అలాగే చెడ్డగానే ఉందనుకో. వాడి పిల్ల చదువుకి అప్పు కావాలన్నా మళ్ళీ అదే మాట.

ఆఖరి వాయిదా ముట్టింది. ఇంక మాటా తీరింది, కుర్చీ గడువూ తీరింది. ఆయన్ని ఇంటికి పంపేసి కుర్రవాణ్ణెవణ్ణైనా పెట్టుకో అన్నాను నేను. మర్నాడు షట్టరెత్తేసరికి పెద్దాయన ఎప్పట్లాగే గడప దగ్గర. నిదానం నా వంక ఓసారి చూసి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

మా పనిలో ఓ పద్ధతుంటుందమ్మా. సాయంత్రం కట్టేసేముందు పనివాడు గల్లా దగ్గరికొచ్చి నిలబడతాడు, ఆ రోజు తన కుర్చీ మీద వచ్చినదాంట్లో సగం వాడిది, సగం యజమానిది. పెద్దాయన జన్మలో ఎప్పుడూ గల్లాకి అవతల, యజమాని వైపే నిలబడ్డ మనిషి. ఆ సాయంత్రం నేను నా సగం తీసుకుని పక్కకి జరిగాను కదా, నా వెనక ఆయన. కోటు మడిచి చంకలో పెట్టుకుని, చెయ్యి చాపాడు. "నా కుర్చీ మీద ఒక గడ్డం అయింది. నా సగం ఇప్పించండి" అన్నాడు. ఇప్పించండి! వాణ్ణి ఒరే తప్ప ఇంకో మాట అనని మనిషి. గల్లా వెనకున్న నిదానం తన జేబులోంచి ఒక గడ్డం డబ్బులు తీసి గల్లాలో వేశాడు. అందులోంచి సగం తీసి, రెండు చేతుల్తో ఇచ్చాడు. ఆయన లెక్క చూసుకుని, జేబులో వేసుకుని, వెళ్ళొస్తానని చెప్పి మెట్లు దిగాడు. వీడు ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు, దాచుకోలేదు. నేనా? నేను ఊడుస్తున్నాను, చీపురు నా చేతిలోనే...

నీ ఫోను మోగుతోంది, చూడు ఎవరో.