ఆగని అడకత్తెర

అధ్యక్షులు, ఆయిల్ మిల్లు శ్రీమన్నారాయణ గారికీ, పెద్దలకూ, నాతోపాటు ఫిడేలు పట్టి ఇన్నేళ్లూ నరసరావుపేటను ఇబ్బంది పెట్టిన తోటి విద్యార్థినులకూ నమస్కారం. (నవ్వులు)

ఒక విద్య మనకు వచ్చిందని మనకెలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని గనక పిల్లలకు మార్కులు వేసి చేతులు దులుపుకుంటాను. సుబ్బరత్నం గారి సంగీతం క్లాసులో మార్కులు లేవు, మెప్పు అసలే లేదు. ముప్పై దాటాక మొదటిసారి కమాను లాగితే ఆవిడన్న మాట, "ఏందమ్మాయ్ ఆ మోత, నూనె లేని గిలకలాగా?" నూనె అధ్యక్షుల వారి దగ్గరుంది గానీ నా దగ్గరెక్కడిది! (నవ్వులు)

మేం వాయిస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తుంటారు. స్వరం తప్పితే అడకత్తెర ఆగుతుంది. తిట్టరు, చెప్పరు, ఆగుతుందంతే. మళ్లీ సరిగ్గా వాయిస్తేనే కదులుతుంది. మాకదే పరీక్ష, అదే ఫలితం. "ఏమే, నీ క్లాసున్న రోజు ఈ ఇంట్లో నోట్లోకి వక్కముక్క దొరకదే!" అని వక్కల కోసం వచ్చే ఆవిడ ఎదురింటి కోటేశ్వరమ్మక్క నన్ను దెప్పేది.

రాను రాను ఆగడం తగ్గింది. తర్వాత అసలే ఆగలేదు. ఎంత పొంగిపోయానో! కత్తిరించిన వక్కలు గుప్పెడు తీసుకెళ్లి కోటేశ్వరమ్మక్క చేతిలో పోసి మరీ వచ్చాను.

మొన్న వేసవిలో గుంటూరు డాక్టరు ఆవిడ చెవులు చూసి, వినికిడి చానా కాలంగా తగ్గుతూ వస్తోందన్నాడు. అందుకే ఈ విరమణ, ఈ సభ.

ఆవిడ కోసం బాధపడ్డాను. కానీ ముందు నోట్లోంచి వచ్చింది మాత్రం, "అయితే నా వాయింపు?" అనే.

పోయిన వారం పిలిచి, "పిల్లల్ని ఇక నువ్వే చూసుకో" అన్నారు. "నాకు వచ్చిందంటారా?" అని వీధంతా వినపడేట్టు అడిగాను. నవ్వి, అడకత్తెర నా చేతిలో పెట్టారు. నా ప్రశ్న వినపడి పెట్టారో, వినపడక పెట్టారో.

ఇప్పుడు కూడా ముందు వరసలో కూర్చుని అలాగే నవ్వుతున్నారు.

రేపటి నుంచి పిల్లలు మా ఇంటికొస్తారు. వాళ్లు తప్పితే అడకత్తెర ఆపగలను, ఆ మాత్రం ధైర్యముంది. నేను తప్పితే ఆపేదెవరు? నాకు ఫిడేలు వచ్చిందా, ఆవిడకు వినపడలేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఓపిగ్గా విన్నందుకు మీకూ, విన్నా వినకపోయినా ఇన్నేళ్లు నా ఎదుట కూర్చున్నందుకు అమ్మగారికీ దండం పెట్టి, సెలవు.