పోటూ పాటూ లేని నీళ్లు

కూతురు ఎక్కడ నీళ్లలో కొట్టుకుపోతుందోనన్నదే ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం. మారేడుమిల్లి అడవిలో గైడ్సు క్యాంపుకి బడిపిల్లల్ని దింపి వచ్చిన లారీ డ్రైవరుని అంబాజీపేటలో పట్టుకుంది.

“బాబాయిగారూ, మా ఎస్తేరు ఏడ్చిందాండీ?”

“ఏడవడమా! గుడారం తాడు లాగి మేకు కొడుతోందమ్మా.”

“కింద ఏం పరుచుకుంటారండీ?”

“ఎండుగడ్డి.”

“మరి వంట?”

“మూడు రాళ్లు పెట్టి వాళ్లే. మా ఆవిడ పులుసుకన్నా నయం! పక్కనే వాగు. అడుగున గులకరాళ్లు కనపడతాయి.”

“ఆ వాగుకి పోటు ఏ వేళకొస్తుందండీ?”

“కొండల్లోకి సముద్రం పోటేంటమ్మా! పైనెక్కడో వాన పడితే ఉన్నపళంగా ఎక్కేస్తుంది.”

“మన గోదారి పాయలాగ పోటు తగ్గాక పాటుకి దిగిపోదూ?”

“అక్కడ పాటూ లేదు. వాన ఆగేదాకా ఎక్కుతూనే ఉంటుంది.”

ఆమె లారీ తలుపు పట్టుకుంది.

“నేను దానికి మన పాయ సంగతే చెప్పి పంపేనండీ. నీళ్లెక్కితే కంగారుపడకు, రాయెక్కి కూర్చో, కాసేపటికి అవే దిగిపోతాయన్నాను. అది నా మాట జవదాటదండీ.”

“టీచర్లున్నారు కదమ్మా.”

“ఆయ్, ఉన్నారండీ. రేపు కొబ్బరికాయల లోడుతో మీరు అటే వెళ్తారు కదా? ఓసారి ఆగి పిల్లని చూడండి. నీళ్లు పెరిగితే కూర్చోవద్దు, గట్టుమీదికి పరిగెత్తమని అమ్మే చెప్పమందని చెప్పండి.”