ఎర్రగీత దాటిన ముల్లు

అద్దకం మిల్లు ఆఫీసు గదిలోకి అక్క పరుగున వచ్చింది. మిల్లు నడిపే తమ్ముడు కిటికీలోంచి బాయిలర్ వైపే చూస్తున్నాడు.

"బాయిలర్ ఆవిరి ముల్లు ఎర్రగీత దాటిందిరా. ఆపించు!"

"రేపటికి సరుకిస్తానని ఊరి పెద్దల ముందు మాటిచ్చానక్కా. మాట తప్పినవాడి గడప మనవైపు ఎవరు తొక్కుతారు?"

"లోపల ఇరవైమంది ఉన్నారు."

"వాళ్ళే ఆపొద్దంటున్నారు. మిల్లు పరువు పోతుందట."

"నీకు భయంగా లేదూ?"

"భయంగానే ఉంది. కానీ అందరూ నా మొహమే చూస్తున్నారు."

"అయితే నేనూ వెళ్ళి వాళ్ళ పక్కనే నిలబడతాను."

అక్క తలుపు తీసింది.

"ఆగక్కా!" అతను ఆమెను దాటుకుని పరుగెత్తాడు. "మంట ఆర్పండి! అందరూ బయటికి రండి!"

ముల్లు దిగిందని కబురొచ్చేదాకా ఇద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారు.

"పెద్దలకేం చెప్పను?" అన్నాడు తమ్ముడు.

"భయమేసిందని చెప్పు."