చెవుల పట్టీ

ఆదివారం మధ్యాహ్నం, అక్క ఇంట్లో వంటగది బల్ల దగ్గర. సూదులు చెల్లెలి చేతిలో ఉన్నాయి, ఉన్ని ఉండ అక్క ఒళ్ళో ఉంది.

"రెండు సూటి కుట్లు, రెండు తిరగ కుట్లు. రెండు సూటి, రెండు... అబ్బ, మళ్ళీ జారింది."

"జారదా మరి? సూదిని పట్టుకున్నావా, దాని పీక పిసుకుతున్నావా? వదులుగా పట్టుకోవే."

"నావి పెట్టెలు మోసే చేతులక్కా. కోల్డ్ స్టోరేజీలో ఎనిమిది గంటలు నించుని చూడు, నీ వేళ్ళూ ఇలాగే కొయ్యబారిపోతాయి."

"వేళ్ళ సంగతి సరే, ఈ అవస్థంతా ఆ చలిలో చెవులు కప్పుకునే పట్టీ కోసమేగా. ఇంకో నెలాగితే సంతలో కొనితెచ్చేదాన్ని కదా, ఏటా తెచ్చినట్టు."

"ఎన్నాళ్ళు నీ చేత తెప్పించుకోను? ఆ చలిగదిలో ఆరుగురం పనిచేస్తాం. నేర్చుకుంటే అందరికీ తలో పట్టీ అల్లొచ్చు."

"ముందు నీ రెండు చెవులూ కానీ, తర్వాత ఊరందరి చెవులూ చూద్దువుగాని. ఊఁ, ఉబ్బెత్తుగా ఉన్నచోట సూటి, పల్లంగా ఉన్నచోట తిరగ. అంతే. నిలువు చారలు వాటంతటవే వస్తాయి."

"తిరగ కుట్టు ఇంకోసారి చూపించు."

"ఎన్నిసార్లే? సూది ఇలా దూర్చు. ఉన్ని కింద నుంచి తెచ్చి చుట్టు. లాగెయ్."

"కింద నుంచేనా?"

"కింద నుంచే."

"పై నుంచి చుట్టాలట."

"ఎవరన్నారు?"

"ఉన్ని కొట్టావిడ. రంగు కలుస్తుందో లేదోనని నిన్న ఈ ముక్క పట్టుకెళ్ళా. చూడగానే, 'ఎవరమ్మా నీకు నేర్పింది, తిరగ కుట్లన్నీ ఎదురు చుట్టావు' అంది. అలా చుడితే తర్వాతి వరసలో కుట్టు మెలిపడిపోతుందట. ముప్పయ్యేళ్ళుగా నేర్పుతోందట, ఇలా అల్లేవాళ్ళని ఒక్కళ్ళని కూడా చూళ్ళేదట."

"ఆవిడకేం, కొట్టు పెట్టుకుంది కాబట్టి కోటి చెబుతుంది. నాకు అమ్మ ఇలాగే నేర్పింది."

"అమ్మకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. పక్కింటావిడ అల్లుతుంటే కిటికీలోంచి చూసి తనే పట్టేసింది. తప్పో ఒప్పో, అమ్మ పద్ధతి అమ్మది. పోయినవాళ్ళ తప్పులు ఇప్పుడెందుకే మనకి?"

"అంటే ఇలా అల్లేది అమ్మా, నువ్వూ. అంతే కదా?"

"ఇప్పుడు నువ్వు కూడా. వరస పూర్తిచెయ్యి, మాటల్లో పడితే లెక్క తప్పుతుంది."

"ఇదిగో, ఇది చూడు."

"ఏంటది, పాత పట్టీయేగా? ఉతికావా దాన్ని ఎప్పుడైనా?"

"లాగి చూడు. చారల్లో కుట్లు చూడు. మెలిపడ్డాయా, లేదా?"

"ఈ వెలుతుర్లో అంత సన్నవి ఎక్కడ కనబడతాయే."

"నిన్న కొట్టావిడకి ఇది కూడా చూపించా. కళ్ళజోడు తీసేసినా కనబడ్డాయి. 'రెండూ ఒక్క పద్ధతే, ఈ పట్టీ అల్లినావిడే నీకు నేర్పి ఉంటుంది' అంది. సంతలో కొన్నానన్నావు కదక్కా?"

"అవును, కొన్నా... కొనలేదు. నేనే అల్లాను."

"నువ్వే అల్లావా?"

"నేనే. అల్లానంటే ఎందుకంత శ్రమ అని గోల పెడతావని, కొన్నానని చెప్పా. పెద్ద నేరమా?"

"పోయిన చలికాలం ఇచ్చావు ఇది."

"ఊఁ."

"పోయిన చలికాలం నీ కుడిచెయ్యి విరిగింది. మూడు నెలలు కట్టు. నీకు ముద్దలు నేను తినిపించా, జడ నేను వేశా. ఏ చేత్తో అల్లావక్కా?"

"పాలు పొంగుతాయేమో చూడు."

"పొయ్యి మీద ఏమీ లేదు."

"అంతకు ముందే అల్లి పెట్టెలో పడేసి ఉంటా. నాకేం గుర్తు? ఏంటే ఈ ఆరా, పోలీసులా?"

"నువ్వు కాకపోతే ఇలా అల్లేది ఇంకొక్కరే. నా మొహం చూసి చెప్పు. అమ్మ చచ్చిపోయిందా?"

"ఏం మాటే అది!"

"చచ్చిపోయిందా, లేదా?"

"అలా చెప్పమని నాన్న..."

"నాన్న పోయి పదకొండేళ్ళయింది. నేను నాన్నని అడగట్లేదు, నిన్ను అడుగుతున్నా."

"లేదు."

"లేదంటే?"

"బతికే ఉంది. నాన్నతో పడలేక వెళ్ళిపోయింది, అంతే. బస్సులో రెండు గంటలు. ఓ దర్జీ కొట్టు మీద గదిలో ఉంటోంది."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"తొమ్మిదేళ్ళ నుంచి."

"తొమ్మిదేళ్ళా! మరి నెలనెలా వెన్నునొప్పి డాక్టరని వెళ్తావే, అది..."

"అక్కడికే."

"నేనే కదక్కా నిన్ను బస్సెక్కించేది! నీ సంచీ మోసుకొచ్చి, కిటికీ పక్కన సీటు పట్టి మరీ కూర్చోబెట్టేదాన్ని. ఆ సంచీలో ఆవిడకి ఏం పట్టుకెళ్ళేదానివో, తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చేదానివో! నా తలకి ఉన్నది ఆవిడ చేతిపని అని ఒక్కసారి, ఒక్కసారన్నా నోరు జారలేదే నీకు!"

"మెల్లిగా మాట్లాడు."

"ఎందుకు మాట్లాడాలి మెల్లిగా? ఇంత మోసం ఎవరైనా పరాయివాళ్ళు చేస్తే నీ దగ్గరికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడెవరి దగ్గరికి పోను?"

"మోసమను, ఏమైనా అను. ఆవిడ వెళ్ళేటప్పటికి నీకు మూడేళ్ళు, నాకు పదమూడు. నిన్ను నా ఒళ్ళో పడేసి పోయింది. నీ జ్వరాలు, నీ తలలో పేలు, నీ పరీక్షలు, అన్నీ నావే. పదేళ్ళొచ్చేదాకా నన్నే అమ్మా అన్నావు."

"అన్నాను. నువ్వు చెప్పిందల్లా నమ్మాను కూడా. అందుకే నీ పని అంత తేలికైంది."

"తేలికా? ఊరూరూ వాకబు చేసి వెతుక్కుంటూ వెళ్ళా. గుమ్మంలో నన్ను చూసి మొదట ఏమందో తెలుసా? ఎలా ఉన్నావే అని కాదు. 'చిన్నదేదీ?' అంది. పదహారేళ్ళ తర్వాత."

"చిన్నదేదీ అందా?"

"అంది. నన్ను దాటుకుని మెట్ల మీదకి చూస్తోంది, వెనకాల నువ్వొస్తున్నావేమోనని."

"మరి తీసుకెళ్ళలేదేం నన్ను?"

"తీసుకెళ్తే అక్కడే ఉండిపోయేదానివి. నాకింకేం మిగులుతుంది?"

"ఉండాలో వద్దో నేను తేల్చుకునేదాన్ని!"

"అవును. అందుకే నీదాకా రానివ్వలేదు."

"ఆవిడ మటుకు ఊరికే ఎలా ఊరుకుంది? రెండు గంటలేగా, తనే బస్సెక్కి వచ్చేది కదా?"

"రాబోయింది. నేను రెండోసారి వెళ్ళినప్పుడే, తాళం చేత్తో పట్టుకుని చెప్పులేసుకుని నా వెంట బయల్దేరింది."

"మరి ఎలా ఆపావు?"

"వద్దే. ఇంక వదిలెయ్."

"ఎలా ఆపావో చెప్పు."

"ఆ రోజుల్లోనే కదా, నిన్ను కాలేజీ మాన్పించి కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. నా మీద కోపంతో ఓ చీటీ రాసి అద్దానికి అంటించావు, గుర్తుందా?"

"'ఇంకెప్పుడూ నీ మొహం నాకు చూపించకు'..."

"'నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు' అని. దాని మీద నా పేరు రాయలేదు నువ్వు. పైనా లేదు, కిందా లేదు."

"అక్కా..."

"అది తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టా, 'చిన్నది నీకే రాసింది' అని. అక్కడే మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదువుకుంది. తర్వాత, నీ తల చుట్టుకొలత ఎంతుంటుందని అడిగింది."