పదకొండు చుక్కలు

అదొక ఒంటిగది రిపేరు షాపు. బల్లకి ఇటు మెకానిక్కు, అటు వాళ్ళక్క, మధ్యలో వాళ్ళ బావగారి ల్యాప్‌టాప్. వెనక గళ్ళ కర్టెన్. బడికి సెలవు పెట్టి మరీ అక్క వచ్చిందంటే వ్యవహారం ఓ పట్టాన తెమలదని తమ్ముడికి ఆవిడ గుమ్మం ఎక్కినప్పుడే అర్థమైపోయింది.

“డిస్కులు లేకుండా కష్టమక్కా. కొన్నప్పుడు డబ్బాలో మూడు డిస్కులు వచ్చుంటాయి చూడు, రికవరీవి. అవుంటేనే మళ్ళీ మొదట్నుంచీ అన్నీ ఎక్కించగలం. ఇంటికెళ్ళి నిదానంగా వెతుకు, దొరికాక రా.”

“వెతకక్కర్లేదు. ఎక్కడున్నాయో తెలుసు.”

“ఎక్కడ?”

“బాల్కనీలో.”

“బాల్కనీలో ఏం చేస్తున్నాయి?”

“వేలాడుతున్నాయి. పావురాల గోల భరించలేక దారం కట్టి వేలాడదీశా, మూడేళ్ళయింది. తళతళా మెరుస్తుంటే బెదిరి రావన్నారు.”

“బెదిరాయా?”

“ఒకటి వాటి పక్కనే గుడ్లు పెట్టింది.”

“అయ్యో రామా! కంపెనీవాళ్ళు జాగ్రత్తగా దాచుకోమని ఇచ్చిన డిస్కులు పావురాలకి కట్టావా? సరే, వెళ్ళి అవే విప్పుకుని...”

“ఇవిగో. దారాలతో సహా.”

“తెచ్చావా?”

“డిస్కుల్లేవని వంక పెడతావని తెలుసు. కడిగి, తుడిచి, సంచిలో వేసుకొచ్చా.”

“నేనెందుకు వంక పెడతానక్కా? ఇటివ్వు... ఛఛ, ఎండకి పొరంతా లేచిపోయింది. ఇదిగో, ఇందులోంచి నీ మొహం కనపడుతోంది నాకు. ఇవి పావురాలకి కూడా పనికిరావింక.”

“అయితే అవి లేకుండానే వెయ్.”

“అసలెందుకు వెయ్యాలి? ఏమైంది దీనికి?”

“స్లో అయింది.”

“ఎంత స్లో?”

“చాలా.”

“తెరుచుకోడానికి ఎంతసేపు పడుతోంది?”

“తెరుచుకోవడమే లేదు.”

“స్లో అన్నావుగా!”

“వైరస్సేమో. నువ్వు మెకానిక్కువా, నేనా?”

“ఆగు, ఆన్ చేస్తా... చక్కగా వచ్చిందే! పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టు.”

“నువ్వే కొట్టు.”

“బావ పాస్‌వర్డ్ నాకెలా తెలుస్తుంది?”

“అవున్లే. నీకెలా తెలుస్తుంది.”

“అదేంటక్కా, అలా చూస్తావు?”

“ఎలా చూశా? నా పుట్టినరోజే పాస్‌వర్డ్. ఆరేళ్ళ నుంచీ అదే. మొన్న ఆదివారం కొడితే తప్పంటోంది.”

“బావనే అడగొచ్చుగా.”

“అడగదల్చుకుంటే ఇక్కడికెందుకొస్తా? మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్. ఏమున్నా పోనీ.”

“అమ్మో! బావ వస్తువు, బావకి చెప్పకుండా నేను చెయ్యి పెట్టను. నిజం చెప్పక్కా, ఏం చేశావు దీన్ని? ఏం దాస్తున్నావు?”

“నేనా దాచేది?”

“కాదా మరి? అన్నీ తుడిచెయ్యమంటూ మా దగ్గరికొచ్చేది రెండే రకాలు. ఎవరిదో ఎత్తుకొచ్చినవాళ్ళు, లేదంటే ఇంట్లోవాళ్ళ కంటపడకూడనిది పెట్టుకున్నవాళ్ళు.”

“నేను మూడో రకం. ఆ రెండు కప్పులేంటి?”

“ఏ కప్పులు?”

“నీ ముక్కు కింద ఉన్నాయి. రెండు టీ కప్పులు.”

“రెండుసార్లు తాగా.”

“రెండు కప్పుల్లోనా?”

“ఒకటి కడగలేదు.”

“కడగనిదాని మీద సాసరు బోర్లించావా? ఈగ వాలకుండా? అన్నం గిన్నె మీద మూత పెట్టరా అని అమ్మ ఇరవయ్యేళ్ళు మొత్తుకున్నా పెట్టినవాడివి కాదు.”

“కస్టమరు ఒకాయన వచ్చి వెళ్ళాడక్కా. టీ కప్పుల దగ్గర కూడా ఆరాలేనా?”

“తాగకుండానే వెళ్ళాడా? కప్పు ఇంకా వెచ్చగా ఉంది.”

“ముట్టుకోకు, అక్కడ వైర్లున్నాయి! ఇదిగో, దీన్ని ఇక్కడ పెట్టి వెళ్ళు. సాయంత్రానికి చూసి నేనే ఇంటికి తెస్తా.”

“ఇక్కడే కూర్చుంటా.”

“మూడు గంటలు పడుతుంది.”

“సెలవు పెట్టా.”

“సాల్డరింగ్ పొగ నీకు పడదు. దగ్గొస్తుంది.”

“అదా ఈ వాసన?”

“ఏ వాసన?”

“ఏం లేదులే. ఆ కర్టెన్ ఎప్పుడు కట్టావు? కిందటిసారి లేదే.”

“దుమ్ము పడుతోందని కట్టా. వెనకాలంతా పాత సామాను. అక్కా, ఆ కుర్చీకి ఒక కాలు ఊడింది, కూర్చోకు.”

“బాగానే ఉంది, బిగించారు ఎవరో. షాపేంట్రా ఇంత శుభ్రంగా ఉంది? ఈ బల్ల అసలు రంగు నేను ఇవాళే చూడటం.”

“మెచ్చుకుంటున్నావా, తిడుతున్నావా?”

“ఇంకా తేల్చుకోలేదు. మొదలుపెట్టు. మా బళ్ళో కంప్యూటర్ సారుని అడిగే వచ్చా. డిస్కుల్లేకపోయినా పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని వేసెయ్యొచ్చటగా? కీ నంబరేదో అడుగున స్టిక్కరు మీద ఉంటుందట. ‘డిస్కులు తెస్తేనే చేస్తానన్న మెకానిక్కు ఎవరండీ’ అని నవ్వాడు కూడా.”

“ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెప్తాడు. సరే, చేస్తా. కానీ బావతో ఒక్క మాట చెప్పి చేస్తా.”

“చెప్పు. ఇప్పుడే చెయ్ ఫోను. స్పీకర్లో పెట్టు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. చెయ్ మరి, ఫోను అలా తిప్పుతూ కూర్చున్నావేం?”

“పనిలో ఉంటాడు కదా. ఆఫీసు టైములో ఎందుకు విసిగించడం?”

“ఏ ఆఫీసులో?”

“ఏ ఆఫీసేంటి? బావ ఆఫీసు. గోడౌను.”

“నిన్న నేను చేశా ఆ గోడౌనుకి. స్టాకు చూసే సారు ఉన్నారా అంటే, ‘ఆయన లేరమ్మా, ఆ సెక్షనే తీసేశారు, నాలుగు నెలలైంది’ అన్నారు. వింటున్నావా?”

“వింటున్నా.”

“ఆశ్చర్యపోలేదే?”

“పోయా. పోతున్నా.”

“నాలుగు నెలలురా! రోజూ ఎనిమిదిన్నరకల్లా తల దువ్వుకుని బ్యాగు తగిలించుకుని వెళ్తారు. ల్యాప్‌టాప్ మాత్రం బీరువాలో దుప్పట్ల కింద దొరికింది. మరి ఆ బ్యాగులో ఏం మోస్తున్నట్టు? సాయంత్రం వస్తే చొక్కా అంతా కాలిన వాసన. చూపుడువేలి మీద బొబ్బ. ఏమిటంటే ఇస్త్రీపెట్టె తగిలిందంటారు. మా ఇంట్లో ఇస్త్రీ చేసేది నేను!”

“ఎక్కడో తగిలుంటుంది...”

“మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెట్టే మనిషి, ఉతికిన బట్టలకి పెట్టిన క్లిప్పులు లెక్కపెట్టే మనిషి, ఇప్పుడు ఎదురుగా ఏం పెట్టినా తల దించుకుని తిని లేస్తున్నారు. పెళ్ళైన దగ్గర్నుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదు, తెలుసుగా? టీచరమ్మా అనేవారు. నేను ఏదైనా లెక్క చెప్తే చాలు, ‘లెక్క తప్పావు టీచరమ్మా’ అని ఏడిపించేవారు. నాలుగు నెలలుగా ఆ పిలుపు లేదు. ఇదిగో, విను, అదిగో, అంతే.”

“అక్కా...”

“ఇంకో ఇల్లేదో పెట్టారనుకున్నా. సిగ్గు విడిచి చెప్తున్నా నీకు. పిల్లదాన్ని పట్టుకుని ఎక్కడికెళ్ళాలా అని కూడా ఆలోచించా. భయమేసిందిరా.”

“ఛ! ఏం మాటలక్కా అవి. బావ అలాంటివాడు కాదు.”

“ఎలాంటివారో నువ్వు చెప్పు మరి.”

“నాకేం తెలుసు? పాస్‌వర్డ్ మారినంత మాత్రాన ఎక్కడెక్కడికో వెళ్ళిపోతావా? కొత్తగా వేసినప్పుడు ఎవరైనా కొత్త పాస్‌వర్డే పెట్టుకుంటారు.”

“కొత్తగా వేశారా?”

“ఎవరు?”

“నువ్వే అన్నావుగా, కొత్తగా వేసినప్పుడు అని.”

“మాటవరసకన్నా.”

“ఇంకా లోపలికే వెళ్ళలేదు నువ్వు, గుమ్మం దగ్గరే ఆగింది. కొత్తగా వేశారని నీకెవరు చెప్పారు?”

“తెర చూస్తే తెలిసిపోతుంది మాకు.”

“ఒట్టు?”

“ఊరికే ఒట్లేంటక్కా. ఒట్టు మీద ఒట్టు వెయ్యకూడదు.”

“మొదటి ఒట్టు ఎవరికి వేశావు?”

“...టీ తాగుతావా?”

“ఏ కప్పులో?”

“నన్నొదిలెయ్ అక్కా. దండం పెడతా.”

“ఇన్ని షాపులుండగా నీ దగ్గరికే ఎందుకు తెచ్చాననుకున్నావు?”

“తమ్ముణ్ణని.”

“ఆ కీ నంబరు స్టిక్కరు కోసం నిన్న దీన్ని బోర్లించా. స్టిక్కరు అరిగిపోయి ఒక్క అక్షరమూ కనపడలేదు. వేరేవి కనపడ్డాయి. తిప్పు.”

“వద్దక్కా.”

“తిప్పరా. ఆ రంగేంటి?”

“నెయిల్ పాలిష్. విప్పి బిగించాక స్క్రూ మీద చుక్క పెడతాం. మళ్ళీ ఎవరైనా విప్పితే చిట్లుతుంది, బయట చేయి పడిందని తెలిసిపోతుంది. మెకానిక్కులు చాలామంది పెడతారు.”

“అందరూ వంకాయ రంగే పెడతారా? నా పెళ్ళికి ఎవరో కొనిస్తే, ఆ రంగు చూడలేక నీ మొహాన కొట్టిన సీసా కదూ అది? ఇంకా అయిపోలేదా?”

“చుక్కే కదా. ఎప్పటికవుతుంది.”

“అంటే దీన్ని ఇక్కడే విప్పారు.”

“సరే. అవును. నేనే విప్పా. గోడౌనువాళ్ళు వాళ్ళ ఫైళ్ళన్నీ తీసెయ్యమన్నారట, తీసేసి కొత్తగా వేశా. పనిలో పని ఫ్యాను కూడా తుడిచా. మీ ఫోటోలు పోలేదులే, వేరే పెట్టాం. తెరిస్తే ఖాళీగా ఉందేమని నువ్వు అడుగుతావని పాస్‌వర్డ్ మార్చాడు. అంతే, అయిపోయింది. ఇక వెళ్ళు.”

“నువ్వు విప్పలేదు.”

“నేనే అని చెప్తున్నాగా!”

“నా ఫోను నువ్వు విప్పావు. పిల్లదాని ట్యాబు నువ్వు విప్పావు. ఒక్క స్క్రూ మీద ఒక్క చుక్క, అదీ సగం పక్కకి కారి. ఇక్కడ చూడు, ఒక్కదాన్నీ వదల్లేదు. నిన్న కూర్చుని లెక్కపెట్టా. పదకొండు స్క్రూలు, పదకొండు చుక్కలు. ఒక్కటీ అంచు దాటలేదు. ఒకటి పెడితే చాలని తెలియని కొత్త మనిషి పెట్టాడు ఇవి. కొత్త మనిషే, కానీ ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని చీటీ అంటించే మనిషి. టీ కప్పు మీద సాసరు బోర్లించే మనిషి. సిగ్గుపడ్డారా?”

“ఏంటక్కా?”

“ఉద్యోగం పోయిందని నాకు చెప్పడానికి సిగ్గుపడ్డారా? చెప్తే గెంటేస్తానా ఇంట్లోంచి? స్క్రూడ్రైవరు పట్టుకుంటే పరువు పోతుందని నేనెప్పుడైనా అన్నానా?”

“అన్నావక్కా.”

“నేనా? ఎప్పుడు?”

“నేనీ షాపు పెట్టిన రోజు. అదిగో, ఆ గుమ్మంలో నిలబడి. ‘ఇంత చదివి స్క్రూలు తిప్పుకుంటూ బతుకుతావా, నలుగురికీ ఏమని చెప్పుకోను’ అన్నావు. బావ నీ పక్కనే ఉన్నాడు. నువ్వు మర్చిపోయావు. బావ మర్చిపోలేదు. నేను కూడా మర్చిపోలేదనుకో.”

“అన్నానా?”

“అన్నావు.”

“...నీ మీద బెంగతో అన్నానురా.”

“తెలుసులే. బావకి కూడా అదే చెప్పా. ముందు పని పూర్తిగా రానీ, సొంతంగా నాలుగు బాగుచేశాక తనకి చెప్తా, అప్పటిదాకా నోరు విప్పితే ఒట్టే అన్నాడు.”

“ఇప్పుడెక్కడున్నారు?”

“అది మాత్రం అడక్కు.”

“సరే, చెప్పకు. ఒట్టు నిలబెట్టుకో. ఆయన కనిపిస్తే మాత్రం నా మాటగా చెప్పు. ఆ రోజు నేనన్నది తప్పని చెప్పు. పావురాలకి కట్టిన డిస్కుల్లేకుండానే తనే మొత్తం ఎక్కించుకున్నారంటే, పని వచ్చినట్టేనని చెప్పు. చుక్కలు ముత్యాల్లా ఉన్నాయని చెప్పు, పదకొండుకి పదకొండూ.”

“లెక్క తప్పావు టీచరమ్మా. పన్నెండు. ఒకటి బ్యాటరీ కింద ఉంది, నీకు కనపడి ఉండదు.”