ఎదురుకాళ్ళ తొక్కుడు

"అవ్వా, మల్లయ్య తాత నడుం పట్టిందని ఒచ్చిండు. నన్ను తొక్కమంటుండు. తొక్కనా?"

ఏందీ? నేను తొక్కనంటే నీ ఎంబడి పడ్డడా! ఓ మల్లయ్యా, ఇనవడుతుందా? దవాఖానకు పో! మా పొల్ల జోలికొస్తే మంచిగుండదు, చెప్తున్న! నువ్వు గిట్ల కూసో బిడ్డ. తొమ్మిదేండ్లు నిండినయి గద, ఇగ నీకు చెప్పాలె.

నేను ఎదురుకాళ్ళతోని పుట్టిన. ముందుగాల కాళ్ళే బైటికొచ్చినయంట, మా అమ్మ సచ్చి బతికింది. గట్ల పుట్టినోళ్ళు తొక్కితే ఏ నొప్పైనా ఇడుస్తదని మనోళ్ళ నమ్మకం. నీ అంతున్నప్పటి సంది తొక్కుతనే ఉన్న. గొర్లకాడ ఉన్నా పిలుసుకొచ్చెటోళ్ళు. కట్టంగూర్ నుంచి గూడ బండి కట్టుకొని ఒచ్చెటోళ్ళు, మా నాయిన ఎంత మురిసెటోడో. పైస తీసుకోనియ్యకపోతుండె, ఓ కొబ్బరికాయ... కాదు, బెల్లం ముక్క... సరే, ఏదో ఒకటి తియ్యి.

నువ్వు గూడ మీ అమ్మ కడుపుల ఎదురు తిరిగినవు. గందుకే నల్లగొండల కోసి తీసిండ్రు. ఇంటికొచ్చినంక నేను దాన్ని మంచం దిగనియ్యలే. బాలింత తిరుగొద్దు, నీళ్ళు ఎక్కువ తాగొద్దు అన్న. "దూపైతాంది అత్తమ్మా" అంటే గొంతు తడిసేటన్ని పోసిన. నా తెలివి మన్నువడ!

పదో దినమో, పన్నెండో... పన్నెండే అనుకో, ఎడమ పిక్క వాచింది. రెండో కాలు మంచిగనే ఉన్నది, గిదొక్కటే బిర్రుగ, ఏడిగ. నరం పట్టింది అనుకున్న. ఇంట్ల నేనుండంగ దవాఖాన ఎందుకని ఆముదం రాసి తొక్కిన. "పాణం పోతాంది అత్తమ్మా" అని మొత్తుకుంటే, జర ఓర్సుకో అన్న. తెల్లారి ఇంకింత వాచింది. మళ్ళ కాలు లేపిన. గప్పుడే నిన్ను జూడనీకి ఒచ్చిన ఆశా వర్కర్ పిల్ల, "పెద్దమ్మా, కాలు తియ్యి! బాలింతకు ఒక్క కాలే వాస్తే తొక్కుతరా?" అని నన్ను అవుతలికి నూకింది. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాకు చెప్పుడేందని నాకెంత కోపమొచ్చిందో!

ఆ పిల్లనే పట్టువట్టి నల్లగొండకు తోలుకపోతే స్కానింగ్ అన్నరు. కడుపుకు చేస్తరు గాని కాలుకు స్కానింగేందని ఆడ గూడ లొల్లి వెట్టిన. డాక్టరమ్మ మంచిది, నన్ను పక్కనే నిలవెట్టుకున్నది. గజ్జల కాడి నుంచి పిక్క దాక సల్లటి జిగురు రాసి, మిషినితోని నొక్కుకుంట టీవీల చూపెట్టింది. మంచి కాలుల నొక్కితే నల్లగ గుండ్రంగ ఉన్న నరం అణిగిపోతాంది, ఇడిస్తే మళ్ళ తెరుసుకుంటాంది. వాచిన కాలుల ఎంత నొక్కినా అణగలే. "నరంల నెత్తురు గడ్డకట్టింది. బాలింత కదలకుంట పండి, నీళ్ళు సరిగ తాగకుంటే గూడ గిట్లయితది. ఎవలన్న రుద్దిండ్రా?" అన్నది. నేను తొక్కిన సంగతి మీ అమ్మనే చెప్పింది. "గా గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే మనిషి దక్కదు పెద్దమ్మా" అన్నదా డాక్టరమ్మ.

పదమూడొద్దుల పిల్లవు, నిన్ను తల్లి లేనిదాన్ని చేస్తుంటి గదనే!

సూదులిచ్చిండ్రు, నెలలకు నెలలు గోలీలు మింగింది, బతికింది. నన్ను ఒక్క మాట అనలే. అంటెనన్న బాగుండు.

అయినా గీ ఊరోళ్ళు ఇంటరా? వాచిన కాళ్ళేసుకొని ఇయ్యాల్టికి వస్తరు. స్కానింగ్ తీపిచ్చుకోండ్రి అంటే, ముసల్దానికి పొగరు అంటరు. ఇగ మనుమరాలు గూడ ఎదురుకాళ్ళదే అని నీ మీద పడ్డరు. లోపట ఏమున్నదో చూడనీకి కాలికి కండ్లున్నయానే?

నీ కాళ్ళు సల్లగుండ బిడ్డ. బడికి నడువు, ఉరుకు, ఆడుకో. ఎవల మీద మాత్రం పెట్టకు.

అగో, మీ అమ్మ చేన్ల నుంచి వస్తాంది. నీళ్ళు ముంచుకపో. గట్ల సగం కాదు... చెంబు నిండ.