రంగూన్ బజార్లో జొన్నలు

ఆ పొద్దు పెద్ద ఈరన్న ఇంటి ముందరి అరుగు కట్ట మీద కూర్చోవడానికి చోటు లేదు. రంగూన్ నుంచి వచ్చిన ఉరుకుందప్ప మళ్ళీ రంగూన్‌కు పోతున్నాడు. సుంకన్న బండి కట్టి వీధిలో నిలబెట్టాడు. డోన్‌లో రైలెక్కి, మద్రాసులో ఓడెక్కాల. ఈసారి మా అయ్యన్నను కూడా వెంటబెట్టుకుని పోతానంటున్నాడు. వానల్లేక అయ్యన్న చేను ఎండిపోయింది, పనికి యాడికైనా పోక తప్పదు. బట్టల మూట అప్పుడే బండెక్కింది గానీ, అయ్యన్న ఎక్కలేదు. పెండ్లాం గంగాదేవి ఒక్కటే మాట పట్టుకుని నిలబడింది. ఆడ జొన్నరొట్టె దొరికేటట్టయితేనే పోవాల, లేకుంటే లేదు. అయ్యన్న సంగతి మాకు తెలియనిది కాదు. వరసగా రెండు పూటలు వరి అన్నం పెడితే మూడో పూటకు మనిషి గొంతే మారిపోతుంది.

"దొరుకుతాదా ఉరుకుందా?" అన్నాడు పెద్ద ఈరన్న.

"దొరుకుతాదా అంటావేంది మామా! కూర్చో, చెప్తా. నేను ఓడ దిగిన కొత్తల్లో యాడ చూసినా బియ్యమే. పొద్దున బియ్యం, మాపటికి బియ్యం, దాంట్లోకి చేపల పచ్చడి. రొట్టె మీదికి మనసు పోయి ఒకనాడు బజారంతా తిరిగితి. నాకు ఈ ముక్కుండాది చూడు, ఇది మామూలు ముక్కు కాదు. ఒక సందు మొగదల నిలబడి ఊపిరి పీలిస్తి. జొన్నల వాసన. దాన్ని పట్టుకుని పోతే ఒక ముసలాయన అంగడి, పావురాలకేసే గింజలమ్ముతాండాడు. గోతం నిండా మన తెల్లజొన్నలు. ఏమప్పా, ఇవి మనుషులు తినేవి అంటి. వాడు నవ్వె. నాకు శానా రోషమొచ్చె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గింజలు కొన్నావు."

"అంగడే కొంటి మామా. బజారు నడిమిట్ల పొయ్యి పెడితి."

"పిండెట్ల వచ్చిందన్నా?" అంది గంగాదేవి. ఆమె గొంతులో అనుమానం అందరికీ వినపడింది.

"పిండా? ఆడ మిషన్లుండాయి చెల్లీ, ఇట్ల గింజలు పోస్తే అట్ల పిండి. ఇసుర్రాయి మొగం చూసే పనే లేదు. ఇంగ పెనం చాల్లేదు. రేవులో పాత ఓడ ఇనప రేకుంటే ఎత్తకొచ్చి పొయ్యెక్కిస్తి. పొయ్యంటే మూడు రాళ్ళు కాదు, మూడు మిద్దెలు. రొట్టె తట్టను మొదలుపెడితే ఆ చప్పుడు మద్రాసు దాకా పోయి, ఉరుములనుకొని ఆడోళ్ళు ఆరేసిన వడియాలు ఎత్తి ఇంట్లో పెట్టుకున్నారంట."

"మనకు వినపడలేదే?"

"మనూరికి ఉరుము ఎప్పుడు వినపడింది మామా?"

కట్టంతా నవ్వింది. చేను ఎండిన అయ్యన్న కూడా నవ్వాడు. దాంతో ఉరుకుందప్పకు ఇంకా ఊపొచ్చింది.

"రొట్టెలోకి ఎర్రకారం ఉండొద్దా? ఎండుమిరపకాయలు దంచితి. ఊరు ఊరంతా తుమ్మె. ఆ ఊరినేలే తెల్లదొర తుమ్మె, దొర గుర్రం తుమ్మె. మంచులో దావ తప్పిన ఓడ ఒకటి ఆ తుమ్ములు విని రేవుకొచ్చి చేరె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రొట్టె పొంగె. పెనం మీద మన రొట్టె పొర లేస్తాదే, అట్ల పొంగి రేవు మీదికి మబ్బు పట్టినట్టు నిలబడె. ఉడికిందో లేదో చూస్తానని దొర దాని మీదికెక్కె. అంతే, దొరనెత్తుకుని రొట్టె పైకి లేసె. కింద దొరసాని ఏడుస్తాంది. నేనేం చేస్తి? ఓడ లంగరు తాడు ఇసిరి, అంచుకు తగిలించి, కిందికి గుంజి, ఒక్క ముక్క తుంచి నోట్లో ఏసుకుంటి. గాలి బుస్సుమని పాయె. దొర మెల్లగా వచ్చి నా భుజం మీద దిగె."

"బరువు లేడా దొర?"

"రొట్టె తిన్నోనికి దొర ఒక బరువా మామా? ఉరుకుందప్పా, నీకేం కావాలో అడుగు అనె. నాకేం వద్దు దొరా, మా ఊరోళ్ళొస్తే తినను ఒక బజారు పెట్టించు అంటి. పెట్టించె. ఇప్పుడా బజార్లో జొన్నలు, కొర్రలు, శెనక్కాయలు, ఉగ్గానికి బొరుగులు, దొరకంది లేదు. పుంటికూరైతే మడిని మడిగా ఎత్తుకొచ్చి మన కండ్ల ముందరే కోస్తారు. అయ్యన్నా, నువ్వు ఒట్టి చేతుల్తో రా. ఈడ నుంచి ఒక్క గింజ మోసుకొస్తే ఆ బజారోళ్ళు నన్ను తిడతారు."

గంగాదేవి మొహం తేటపడింది. మొగుడి వైపు చూసి తల ఊపింది. అయ్యన్న కట్ట దిగి బండి మీద కాలు పెట్టాడు.

అప్పుడే ఎదురింట్లో నుంచి, ఉరుకుందప్ప పెట్టె తెస్తానని పోయిన సుంకన్న, దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు. ఎత్తబోతే అది లేవలేదు. ఇంకోసారి పట్టి ఎత్తితే కట్టిన తాడు తెగి మూత తెరుచుకుంది. ఒక మూటలో జొన్నలు. ఇంకో మూటలో మిరపకాయలు, ఎండబెట్టిన పుంటికూర, శెనక్కాయలు. అడుగున పాత కంబడి చుట్టిన ఇసుర్రాయి.

ఎవరూ ఏమీ అనకముందే ఉరుకుందప్ప అందుకున్నాడు. "అదా? అది తిప్పను కాదప్పా. గాలికి ఓడ ఊగకుండా అడుగున పెట్టుకునే రాయి."

సుంకన్న కంబడి తీసి, రాయికున్న పిడి మీద చెయ్యి వేసి చూశాడు. సుంకన్నకు కోతలు కొయ్యడం రాదు, కోస్తున్నవాణ్ణి ఆపడమూ రాదు. ఉన్నది మాత్రమే చెప్పాడు.

"పిడి శానా పొడుగుండాది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని తిప్పే రాయి ఇది. ఒకడు నువ్వు. రెండోవాడెవరప్పా?"

అందరం అయ్యన్న వైపు చూశాం. అయ్యన్న బండి మీద పెట్టిన కాలు మెల్లగా తీశాడు.

గంగాదేవి బండి దగ్గరికి పోయి మొగుడి మూట దించి చంకన పెట్టుకుంది. తిట్టలేదు. నాలుగడుగులు ఇంటివైపు వేసి, ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగింది.

"ఉండన్నా, అప్పుడే పోవద్దు. దావలో తినను రొట్టెలు కట్టిస్తా."

ఉరుకుందప్ప బండి పక్కనే కూలబడి, తెగిన తాడును ముడేస్తూ ఉండిపోయాడు.